మానుకు ముడివేసిన తాడు

నాలుగు గంటలకు చంద్రన్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఇందిరా నగర్‌లో ఆ ఇంటి ముందు నేను స్కూటర్ ఆపేసరికి ఒంటిగంటా పది. అతను హంతకుడో కాదో మూడు గంటల లోపల తేల్చాలి.

నా పేరు తాయారు. ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు శాఖలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు పుదుచ్చేరి కోసపాళయంలో ఒక సైకిల్ షాపు మీది గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. నడపడమంటే పెద్దగా ఏమీ లేదు. పైన ఫ్యాను తిరుగుతుంది, కింద నేను కూర్చుంటాను. ఈ ఉదయం ఎనిమిదింటికి కలైసెల్వి వచ్చేదాకా అంతే.

ఆ పిల్ల గడపలోనే నిలబడింది. ఆమె అన్న కుమరేశన్ చెట్లెక్కి కొమ్మలు కొట్టే మనిషి. నిన్న, బుధవారం, పదీ నలభైకి చెట్టుమీద నుంచి పడి చచ్చిపోయాడు. నడుముకు కట్టుకున్న తాడు తెగి ఉంది. ఎవరో కోశారు. కింద తాడు పట్టుకునే పని కలైసెల్వి మొగుడు చంద్రన్‌ది. మంగళవారం సాయంత్రం టీ కొట్టు దగ్గర బావా మరుదులు ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు. పోలీసులకు ఇంతకంటే ఏం కావాలి?

"మా ఆయన చంపినాడా లేదా, అదొగటి చెప్పక్కా," అంది కలైసెల్వి. "చంపుంటే చచ్చేదాకా ఆ ముఖం చూడను. చంపకుంటే మటుకు ఇంటికి తెచ్చియ్యి. అన్న కోసం ఏడుస్తా ఉంటే ఆయన గుర్తొస్తాడు, ఆయన కోసం ఏడుస్తా ఉంటే అన్న గుర్తొస్తాడు. సరిగా ఏడ్చేదానికి కూడా కుదరలే."

అందుకే స్టేషన్‌కి పోయి రిపోర్టు చదివి, చంద్రన్‌ని చూసి, ఆమెను స్కూటర్ వెనక ఎక్కించుకుని వచ్చాను.

ఇంటికి ముందొక గేటు, వెనకొక గేటు. రెండింటి దగ్గరా చెట్లు కొట్టేవాళ్లు నేలమీద కూర్చుని ఉన్నారు. మొత్తం పదకొండు మంది. కొమ్మలు కొట్టే మచ్చుకత్తులు ముందర పరుచుకుని, నిన్న మధ్యాహ్నం నుంచి కదల్లేదట. కుమరేశన్ ఎట్లా చచ్చాడో తేలేదాకా ఆ ఇంట్లోంచి చీమను కూడా బయటికి పోనివ్వమని పంతం పట్టారు. ఆ పంతం ఒక ప్రాణాన్ని కాపాడిందని అప్పటికి మాకెవరికీ తెలియదు.

చెట్టు ఇంటి గోడకు నాలుగడుగుల దూరంలో ఉంది. మహాగని. ముదిరిన చెట్టు, చేవ పట్టిన మాను, మేడ దాటి పైకి పోయింది. కొమ్మలు కరెంటు తీగల మీద పడుతున్నాయని వీధివాళ్లు ఫిర్యాదు చేస్తే, ఇంటాయన దొరైస్వామి విధిలేక కొట్టించడానికి ఒప్పుకున్నాడు. బాహూరు చెరువు కింద పొలాలున్న మనిషి. ఇంట్లో ఒక్కడే ఉంటాడని వీధి మొత్తానికీ తెలుసు.

నేను మొదట చెట్టును చూడలేదు. మొద్దుల్ని చూశాను. ఆరడుగుల పొడవున కోసిన కొమ్మలు ఆరు, గోడవారగా పేర్చి ఉన్నాయి. పక్కనే పేడ బొచ్చె.

"ఇదెందుకు?"

"కోసిన మొద్దు కొసలకి పేడ మెత్తాలక్కా. లేకుంటే ఎండకి పగిలిపోద్ది. పగిలితే సామిల్లోడు ముట్టుకోడు. అది మా ఆయన పని, ఆయన వేలె."

అయిదు మొద్దులకు రెండు కొసలా పేడ మెత్తి ఉంది. ఆరోదానికి ఒక కొస సగం మాత్రమే పూసి ఉంది. మిగిలిన సగం ఎర్రగా, పచ్చిగా కనపడుతోంది. బొచ్చెలో పేడ అట్లాగే ఎండిపోయింది.

"పేడ మెత్తేటప్పుడు పైన మీ అన్న ఉంటాడా?"

"ఎట్లుంటాడు? ఆయన చేతిలో తాడుంటది గదా. అన్న కిందికి దిగినాకనే మొద్దుల వేలె."

అంటే కుమరేశన్ మధ్యలో ఒకసారి దిగాడు. అప్పుడు చంద్రన్ మొద్దులకు పేడ పూస్తూ, చేతిలోని పని చేతిలోనే వదిలేసి లేచాడు. పోలీసు రిపోర్టులో మాత్రం తొమ్మిదిన్నరకు ఎక్కినవాడు పదీ నలభైకి పడ్డాడని ఒకే ముక్క ఉంది. దిగడం లేదు, మళ్లీ ఎక్కడం లేదు.

తర్వాత మాను దగ్గరికి పోయాను. తాడు కింది ముక్క అక్కడే ఉంది. శవం నడుముకున్న ముక్కను మాత్రం పోలీసులు పట్టుకుపోయారు. కోసిన కొస ఒకటి చేతికి దొరికింది కదా, రెండోది ఎందుకనుకున్నారు కాబోలు. ఈ కింది ముక్క మానుకు రెండు చుట్లు తిరిగి, ఛాతీ ఎత్తున ముడివేసి ఉంది. తెగిన కొస నేలమీద పడి ఉంది.

కలైసెల్వి ఆ ముడిని చూసి ఆగిపోయింది. చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఇది మా అన్న ఏసిన ముడి," అంది. "అక్కా, దీన్ని ముడి ఎందుకేసినాడు?"

"వెయ్యరా?"

"కింద మనిషుంటే ఎయ్యరు. నడుము తాడు పైకి పోయి, నెత్తి మింద కొమ్మ పంగలో దూరి, మళ్ల కిందికొస్తది. కిందోడు దాన్ని మానుకి చుట్టి, కొసని చేత్తో పట్టుకుంటాడు. పైనోడు కదిలితే ఇడుస్తాడు, జారితే బిగిస్తాడు. అదీ పద్ధతి. తోడు లేకుండా ఒంటిగా ఎక్కేటప్పుడే ముడేసేది."

తనేం చెప్పిందో తనకే అప్పుడు తట్టింది. కుమరేశన్ రెండోసారి చెట్టెక్కినప్పుడు కింద చంద్రన్ లేడు.

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు? ఇలాంటి క్షణం కోసమే నేను ఇంకా ఈ పని పట్టుకు వేలాడుతున్నాను.

"నిన్న ఎవరో ఫోటో తీశారన్నావే, చూపించు."

దారిన పోయేవాడెవడో తీసి ఊరంతా పంచిన ఫోటో అది. కలైసెల్వి ఫోన్ పట్టుకుని, అరచేత్తో కింది సగం కప్పి నా ముందు పెట్టింది. కింద ఉన్నది ఆమె అన్న. నేను పై సగమే చూశాను. టైము పదీ నలభై రెండు. మానుకు తాడు ముడివేసే ఉంది. చుట్టూ అయిదుగురు మనుషులు, వాళ్లలో చంద్రన్ లేడు. వెనక పక్కిళ్ల కిటికీలన్నీ, ఎండ మండిపోతున్నా, గట్టిగా మూసి ఉన్నాయి. ఒక్క కిటికీ మాత్రం జానెడు తెరిచి ఉంది. దొరైస్వామి మేడమీది కిటికీ. చెట్టు వైపుది.

నేను తలెత్తి చూశాను. ఇప్పుడు అదీ మూసి ఉంది.

ఎదురింటి కుప్పమ్మాళ్‌కి డెబ్భై దాటాయి. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకుని నాకోసమే ఎదురుచూస్తున్నట్టుంది. మాట్లాడడానికి మనిషి దొరకని ముసలమ్మ కంటే మంచి సాక్షి ఉండదు.

"నిన్న ఏం చూసినావు పెద్దమ్మా?"

"ఏం చూసేది? జన్నలు మూసుకోని ఉంటి."

"అంత ఎండలో కిటికీ ఎందుకు మూశావు?"

ఆమె నన్ను పల్లెటూరిదాన్ని చూసినట్టు చూసింది. "చెట్టు మనిషి కేకేసినాడు గదా! 'చెట్టెక్కతా ఉండా తల్లీ' అని మూడుసార్లు అరిచి ఎక్కతారు. పైనుండి అన్ని ఇండ్ల లోపలా కనపడతది. ఆడోళ్లు నీళ్లు పోసుకుంటా ఉంటారు, బట్ట సరిగా ఉండదు. కేక ఇనపడితే జన్నళ్లు మూసుకుంటాం. కేక ఎయ్యకుండా ఎక్కేది మర్యాదస్తుడు కాదు."

"ఎన్నిసార్లు మూశావు?"

"రెండు తూర్లు. తొమ్మిదిన్నరకి ఒగ తూరి. దిగినాక తెరిస్తి. మళ్ల కేకేసె, మళ్ల మూస్తి."

"రెండోసారి టైమెంత?"

"పదిన్నరకి నేను షుగర్ మాత్ర ఏసుకుంటా. ఏసుకోని, టంబ్లరు కడిగి బోర్లిస్తా ఉంటి. ఒగ ఏడెనిమిది నిమిషాలు అయ్యుంటది. మూసినాక ఒగ నిమిషానికే దబ్బుమని సద్దు."

పదీ ముప్పై ఎనిమిదికి రెండో కేక. పదీ నలభైకి చావు. కేక వినగానే వీధి వీధంతా మర్యాదగా కళ్లు మూసుకుంది. అందుకే ఒక్క సాక్షి కూడా లేడు.

"ఆ కేకకి ముందు ఇంకేమైనా ఇనపడిందా?"

కుప్పమ్మాళ్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ ఇంట్లో అప్పుడప్పుడూ అరుపు ఇనపడతది. ఆడ గొంతు. దొరైస్వామిని అడిగితే టీవీ అన్నాడు. మేమూ టీవీ అనుకుంటిమి."

"నిన్న కూడా ఇనపడిందా?"

"ఆమా. కేకకి ముందు. టీవీ అనుకుంటి," అని ఆమె ముఖం తిప్పుకుంది.

నేను వీధి దాటేసరికి జీపు వచ్చి ఆగింది. రెండూ అయిదు. సబ్ ఇన్‌స్పెక్టర్ అరివళగన్ దిగాడు. వెనక ఒక కానిస్టేబుల్, చేతులకు బేడీలతో చంద్రన్. నేరం జరిగిన చోటు చూపించి సంతకం పెట్టించుకోవడానికి తెచ్చారు.

అరివళగన్‌ది కూడా మా తెలుగిల్లే. ఎనిమిదేళ్ల కిందట కొత్తగా చేరినప్పుడు ఎఫ్ఐఆర్ ఎట్లా రాయాలో నా పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఏకు మేకయిందంటారే, అదీ సంగతి. ఇప్పుడు నన్ను చూడగానే పళ్లు మాత్రం నవ్వాయి.

"ఏం తాయారక్కా, రిటైరైనాక ఇంట్లో కుదురుగా కూసోలేవా? ఇది క్రైమ్ సీను."

"అందుకే వచ్చినా తంబీ. మీరు మరిచిపోయిన సామాన్లు కొన్ని ఈడనే ఉండాయి."

"కేసు అయిపోయింది. తాడు తెగింది మచ్చుకత్తితో. ఇతని కత్తి మింద నైలాన్ పోగులు ఉండాయి."

"రోజూ ఆ కత్తితోనే తాడు కొసలు కోస్తాడు. ఉండకుంటే ఆశ్చర్యం. కోసింది ఎంత ఎత్తులో?"

"ఇతను నిలబడిన చోటే. నేల మింద."

"ఖాయమా?"

"నాకు పాఠం చెప్పొద్దక్కా."

నేను చెప్పలేదు. ఒక పొడుగాటి వెదురు దోటి ఇమ్మని గేటు దగ్గరివాళ్లను అడిగాను. నేలమీద పడి ఉన్న తాడు తెగిన కొసను దాని చివరికి తగిలించి, కలైసెల్వి చేత మెల్లగా పైకెత్తించాను. తాడు ముడి దగ్గర్నుంచి పైనున్న పంగ వైపు లేచింది. తలలు దాటింది, కింది అంతస్తు దాటింది. బిగిసి ఆగింది.

తెగిన కొస మేడమీది కిటికీ కింది అంచు దగ్గర, సరిగ్గా దాని ఎత్తున నిలబడింది. జానెడు దూరం కూడా లేదు.

గేటు దగ్గర కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

"నేల మింద కోసుంటే ఈ ముక్క మూరెడు ఉండాలి," అన్నాను. "పదడుగులు ఉంది. పంగ ఇంటి వైపు వంగింది కాబట్టి తాడు ఆ కిటికీని రాసుకుంటూ దిగుతుంది. చంద్రన్ ఎత్తు అయిదున్నర. కోసినవాడు ఆ గదిలో నిలబడి కోశాడు."

అరివళగన్ నవ్వు పోయింది. కానీ అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. అది నాకు నచ్చలేదు. తప్పు బయటపడిన పోలీసు ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, నేనూ తప్పులు చేశాను. ఇది ఆ ముఖం కాదు.

"పాత సామాన్ల గది అది," అన్న గొంతు వినపడింది. దొరైస్వామి వరండాలోకి వచ్చాడు. అరవై ఏళ్లు, మడత నలగని తెల్ల చొక్కా. "తాళంచెవి పోయి శానా ఏండ్లయింది. ఎవరూ పోరు."

"నిన్న పదీ నలభైకి దాని కిటికీ తెరిచుంది అయ్యా. ఫోటో ఉంది."

"గాలికి తెరుచుకోనుంటది."

"తర్వాత గాలే మూసిందా?"

అరివళగన్ అందుకున్నాడు. "వారెంటు లేకుండా ఇంట్లో అడుగు పెట్టేదానికి లేదు. పంచనామా అయినాక అందరూ బయటికి పొండి."

నిజమే. వారెంటు లేదు. టైము రెండూ ఇరవై. నాకు తోచింది ఒక్కటే. కలైసెల్వి చెయ్యి పట్టుకుని మాను దగ్గరికి తీసుకొచ్చాను.

"మీ అన్న వేసే కేక నీకు వచ్చా?"

"నేను పుట్టినకాడి నుండి ఇంటా ఉండా."

"వెయ్యి."

ఆమె మాను మీద అరచెయ్యి ఆనించింది. కేకేసింది. మగవాడి కేక అది, పొడుగ్గా, చివర తేలుతూ.

"చెట్టెక్కతా ఉండా తల్లీ!"

వీధిలో ఎక్కడో ఒక కిటికీ రెక్క టక్కున మూసుకుంది. అలవాటు అలాంటిది.

"చెట్టెక్కతా ఉండా తల్లీ!"

ఎదురింట్లో కుప్పమ్మాళ్ కిటికీ మూసుకుంది.

మూడో కేక పూర్తి కాకముందే పైనుంచి చప్పుడు వినపడింది. చెక్కమీద ఏదో ఇనుముతో కొడుతున్నట్టు. టక్, టక్, టక్. ఆగి, మళ్లీ. పాత సామాన్ల గదిలోంచి.

"వారెంటు ఎప్పుడు అక్కర్లేదో కూడా నీకు నేనే నేర్పినా అరివళగన్," అన్నాను. "లోపల మనిషి ప్రాణాల కోసం కొట్టుకుంటా ఉంటే అక్కర్లేదు."

అతను నాకు అడ్డంగా వచ్చాడు. కానీ అప్పటికే రంపం మిషన్ భుజాన వేసుకుని ఒక పెద్దాయన, గొడ్డలితో ఇంకొకాయన, దొరైస్వామిని పక్కకు తోసి మెట్లెక్కారు. అరివళగన్ నోరు తెరిచేలోపల రంపం గర్జించింది. ముప్పై ఏళ్ల టేకు తలుపు. వాళ్లకు అది ఒక కొమ్మతో సమానం. తాళం చుట్టూ నాలుగు కోతలు కోశారు. తాళం తాళంగానే ఉంది, తలుపు తెరుచుకుంది.

ముందు వాసన వచ్చింది. దాని సంగతి రాయను.

మంచం కోడుకు సైకిల్ గొలుసు, దాని రెండో కొస ఒక ఆడమనిషి చీలమండకు. జుట్టు కత్తెరతో అడ్డదిడ్డంగా కోసి ఉంది. యాభై ఏళ్లుంటాయి, చూస్తే డెబ్భై అనిపిస్తుంది. మధ్యలో వదులుగా ఉన్న గొలుసును చేత్తో పట్టుకుని ఇంకా మంచం కోడును కొడుతూనే ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాక ఆపింది. ఆమె తిలకవతి, దొరైస్వామి చెల్లెలు. కారైకాల్‌లో చుట్టాల దగ్గర హాయిగా ఉందని మూడేళ్లుగా అతను వీధికి చెబుతున్న మనిషి. బాహూరు పొలంలో తన వాటా వదులుకోనన్నందుకు ఈ గది దక్కింది.

ఆమె నన్నూ, అరివళగన్‌నీ చూసి, తలుపులో నిలబడిన కలైసెల్విని చూసింది.

"చెట్టు మనిషి యాడ?" అని అడిగింది.

కలైసెల్వి వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. "నేను ఆయన చెల్లెల్నమ్మా," అంది. అంతే. తిలకవతికి అర్థమైంది. ఆ పిల్ల ముఖం చూసి, గుండెమీద అరచేత్తో కొట్టుకుంది.

"ఏం జరిగిందో చెప్పమ్మా," అన్నాను. "మెల్లగా."

"నిన్న కొమ్మ తగిలి జన్నలు తెరుచుకునె. ఆయన నన్ను చూసె. ఎవరమ్మా అని అడిగె, చెప్తి. 'పోలీసుని పిలిపిస్తా, అరగంట ఓర్చుకో తల్లీ' అని దిగిపోయె. నేను ఓర్చుకుంటా ఉంటి." ఆమె ఊపిరి పీల్చుకుంది. "మళ్ల కింద ఫోన్ మోగె. ఫోన్ మాట్లాడి, మా అన్న కొడవలి తీసుకోని మాడి మెట్లెక్కి వచ్చె. నా నోట్లో గుడ్డ పెట్టబోయె. అరిస్తి. శానా గట్టిగా అరిస్తి. అప్పుడు కింద కేక ఇనపడె."

"చెట్టెక్కతా ఉండా అని."

"మూడు తూర్లు. మా అన్న నన్ను ఇడిచి జన్నలు కాడికి పోయె. కేక ఇని, ఆయన ఎక్కేదాకా కాచుకోని నిలబడె. నేను మనసులో అంటి, అరవొద్దు నాయనా, ఊరక రా, ఊరక రా అని."

కలైసెల్వి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పైన ఒక ఆడది ప్రాణభయంతో అరుస్తోందని కుమరేశన్‌కి తెలుసు. చప్పుడు చెయ్యకుండా ఎక్కాలని ఎవరికైనా తెలుసు. కానీ కుమరేశన్ పాతికేళ్లుగా కేక వెయ్యకుండా ఒక్క చెట్టు మీద కూడా కాలు పెట్టలేదు. ఎదురింటి ముసలమ్మ మర్యాద కోసం మూడు కేకలు వేసి, తాను వస్తున్నట్టు హంతకుడికి చెప్పి మరీ ఎక్కాడు. ఇంత మంచివాడు ఇంత తెలివితక్కువగా చావాల్సిందేనా అని నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు.

కానీ ఒక మాట నా మెదడులో ముల్లులా దిగింది. కింద ఫోన్ మోగె.

తిలకవతి దగ్గర ఇద్దరు మనుషుల్ని ఉంచి, అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని చెప్పి, కిందికి దిగాను. కలైసెల్వి నా వెనకే దిగింది. దొరైస్వామిని వెనక గేటువాళ్లు పట్టుకుని మహాగని మానుకే ఆనించి నిలబెట్టారు. అతను నావైపు చూడడం లేదు. అరివళగన్ వైపు చూస్తున్నాడు, సాయం రావాల్సిన మనిషి ఆలస్యం చేస్తున్నట్టు.

"నిన్న నీకు ఫోన్ చేసింది ఎవరయ్యా?"

అతను అరివళగన్ మీంచి చూపు తిప్పలేదు.

సరే. జవాబు తెలిసిన ఇంకో మనిషి ఉన్నాడు. మొద్దుల పక్కన, బేడీలతో, తల వంచుకుని. ఈ ఉదయం స్టేషన్లో కూడా అతను నాతో ఒక్క ముక్కే మాట్లాడాడు. "తాడు నేనే పట్టుకోనుంటి, నేనే కోస్తి." అదే పాట.

"చంద్రన్, నిన్న ఆరో మొద్దుకి పేడ సగం పూసి లేచినావు. యాడికి పోతివి?"

అతను పెళ్లాం వైపు చూశాడు. నిన్నటి నుంచి లాకప్పులో తిన్న దెబ్బలు ముఖంమీద కనపడుతున్నాయి. అతన్ని భయపెట్టింది మాత్రం అవి కావు.

"చెప్తే కలై మింద కూడా కేసు కడతారంట. కత్తి నూరేది ఆమె గదా, ఆమె కూడా కుట్రలో ఉండాదని రాస్తారంట."

"నూరినాను," అంది కలైసెల్వి. "రోజూ నూరుతా. రాసుకోనీ. నువ్వు చెప్పు."

"తాడు ఇడిచి పోతి కలై." అతను ఏడ్చేశాడు. "బావని చెట్టు కాడ ఒంటిగా ఇడిచి పోతి. తాడు పట్టేటోడు తాడు ఇడిస్తే వాడు మనిషి కాదు. పోనంటి. బావే దిగినాక ఇంటి చుట్టూ చూసొచ్చి, పేడ మెత్తతా ఉండే నన్ను పొమ్మనె. మాడి మింద ఒగమ్మని కట్టేసుండారు, పోలీసుని పిలుచుకోని రా, వాళ్లొచ్చేదాకా నేను చెట్టెక్కను, ఈడనే కాపలా ఉంటా అనె. పరిగెత్తి పోతి. పదీ ఇరవైకి స్టేషన్లో ఉంటి."



"స్టేషన్లో ఎవరికి చెప్పినావు?"

చంద్రన్ బేడీల చేతులు రెండూ ఎత్తి చూపించాడు. అరివళగన్‌ని.

"ఈ సారుకే. అంతా చెప్తి. ఈడ కూసో అనె. నా ముందరే ఫోన్ తీసె. 'అన్నా, నీ చెట్టు మనుషులు నీ చెల్లెల్ని చూసినారంట. ఇల్లు సర్దుకో. ఇక్కడొగడు ఉండాడు, వీడిని నేను చూసుకుంటా' అనె. నేను లేస్తే కొట్టి కూసోబెట్టిరి. బావ పడిపోయినాడని కబురొచ్చినాక నా చేతికి బేడీలు ఏసిరి."

కుమరేశన్ పడిన నిమిషంలో చంద్రన్ ఎక్కడున్నాడో ఈ పుదుచ్చేరిలో అందరికంటే బాగా తెలిసిన మనిషి, ఆ హత్య అతని మీద రాసిన మనిషే. ఎఫ్ఐఆర్ రాయడం నేను నేర్పిన చెయ్యి అది.

కలైసెల్వి మొగుడి దగ్గరికి పోయింది. అతని భుజంమీద ఒక చెయ్యి వేసింది. రెండో చేత్తో కన్నీళ్లు తుడుచుకుంది.

"ఆయన ఫోన్ చేసినప్పుడు టైమెంత?" అని అడిగింది.

"పదీ ఇరవై అయిదు. గోడ మింద గడియారం ఉంది. చూస్తా ఉంటి."

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఎదురింటావిడకు రెండో కేక వినపడింది పదీ ముప్పై ఎనిమిదికి. అంటే పదమూడు నిమిషాలు. జీపు ఇక్కడికి రావడానికి నాలుగు చాలు. ఆమె తిరిగి అరివళగన్ ఎదురుగా నిలబడింది. అరవలేదు.

"అయితే నువ్వు ఫోన్ తీసినప్పుడు మా అన్న ఇంకా నేల మిందనే నిలబడుండె గదా సార్," అంది. "నీ జీపు కోసం చూసుకుంటా."

అరివళగన్ చంద్రన్ బేడీల గొలుసు పట్టుకుని ఒక్క గుంజు గుంజి అతన్ని తనకు అడ్డంగా లాక్కున్నాడు. రెండో చెయ్యి నడుము దగ్గర తుపాకీ ఒర బొత్తాం విప్పుతోంది.